కాకిలెక్కల కవి సుకుమార్ రాయ్

సుకుమార్ రాయ్ బెంగాలీలో పిల్లల కోసం రాసిన హాస్య రచయిత. 1887 అక్టోబరు 30న కలకత్తాలో పుట్టారు. 1923 సెప్టెంబరు 10న అదే ఊళ్లో కన్నుమూశారు. అప్పటికి ఆయనకు 36 ఏళ్లు కూడా నిండలేదు. పద్యాలు, కథలు, నాటకాలు, సైన్సు వ్యాసాలు రాశారు. వాటికి బొమ్మలు తానే వేశారు. ఆ బొమ్మలు కాగితం మీదికి చక్కగా రావాలంటే బ్లాకు ఎలా తయారు కావాలో కూడా ఆయనకు క్షుణ్ణంగా తెలుసు. బెంగాల్ బయట ఆయన్ని సినిమా దర్శకుడు సత్యజిత్ రాయ్ తండ్రి అని చెబితేగాని చాలామంది గుర్తుపట్టరు. బెంగాల్లో ఆ పరిచయం అక్కర్లేదు. అక్కడి పిల్లలు అక్షరాలు దిద్దకముందే ఆయన పద్యాలు నోటికి పట్టేస్తారు. పెద్దవాళ్లయ్యాక ఆఫీసులోనో, రైలులోనో సందర్భం వస్తే అవే పద్యాలు అప్పజెబుతారు.

ఆయన నవ్వు ఎక్కడ పుట్టిందో తెలియాలంటే ముందు ఆ ఇంటి సంగతి తెలియాలి. తండ్రి ఉపేంద్రకిశోర్ రాయ్ చౌధురి 1863లో మైమన్‌సింగ్ జిల్లా మసువా గ్రామంలో పుట్టారు. ఆ ఊరు ఇప్పుడు బంగ్లాదేశ్‌లో ఉంది. పుట్టినప్పుడు పెట్టిన పేరు కామదారంజన్. అయిదేళ్ల వయసులో జమీందారు బంధువు ఒకరు దత్తత తీసుకుని ఉపేంద్రకిశోర్ అని పేరు మార్చారు. చదువుకోసం కలకత్తా వచ్చి బ్రహ్మసమాజంలో చేరారు. వయొలిన్ వాయించేవారు, చిత్రాలు వేసేవారు, పిల్లల కోసం రామాయణ భారతాలను తేలిక మాటల్లో రాశారు. తల్లి విధుముఖీదేవి సంస్కర్త ద్వారకానాథ్ గంగూలీ కూతురు. ద్వారకానాథ్ రెండో భార్య కాదంబినీ గంగూలీ ఈ దేశంలో పట్టభద్రులైన తొలి ఇద్దరు మహిళల్లో ఒకరు, పైగా డాక్టరు. అంటే సుకుమార్‌కు అమ్మమ్మ వరసయ్యే ఆవిడ ఆ రోజుల్లోనే రోగుల నాడి చూసేది. సంగీతం, సైన్సు, సంస్కరణ, అచ్చు పని ఒకే కప్పు కింద సాగిన ఇల్లది.

అచ్చు పని ఆ ఇంట్లోకి వచ్చిన తీరు చెప్పుకోదగ్గది. ఉపేంద్రకిశోర్ తన పిల్లల రామాయణానికి ముచ్చటపడి బొమ్మలు వేశారు. ఆ కాలంలో బొమ్మ అచ్చుకావాలంటే చెక్కదిమ్మ మీద దాన్ని ఇంకొకరు చెక్కాలి. చెక్కేవాళ్ల చేతిలో ఆయన బొమ్మలు పాడైపోయాయి. ఇంకొకరైతే ఉసూరుమని ఊరుకునేవారు. ఆయన ఇంగ్లండు నుంచి కెమెరాలు, సామగ్రి తెప్పించుకుని, హాఫ్‌టోన్ పద్ధతిని పుస్తకాలు చదివి సొంతంగా నేర్చుకున్నారు. 1895లో సొంత వ్యాపారం పెట్టారు. తర్వాతి రోజుల్లో అదే యు. రే అండ్ సన్స్‌గా పేరుపొందింది.

హాఫ్‌టోన్ అంటే ఏమిటో ఇక్కడ కొంచెం చెప్పాలి. ఎందుకంటే కొడుకు పై చదువంతా దాని చుట్టూనే తిరిగింది. ఫోటోలో నలుపుకీ తెలుపుకీ మధ్య ఎన్నో ఛాయలుంటాయి. అచ్చుయంత్రానికి మాత్రం రెండే తెలుసు, సిరా అంటించడం, అంటించకపోవడం. అందుకని సన్నని అడ్డుగీతలూ నిలువుగీతలూ గీసిన గాజుపలకను కెమెరాలో పెట్టి బొమ్మను మళ్లీ ఫోటో తీస్తారు. బొమ్మ మొత్తం చుక్కలు చుక్కలుగా విడిపోతుంది. చీకటి ఉన్నచోట చుక్కలు పెద్దవి, వెలుతురు ఉన్నచోట చిన్నవి. దాన్ని లోహపు రేకు మీదికి ఎక్కించి, ఆమ్లంతో తినిపిస్తే బ్లాకు తయారవుతుంది. దూరం నుంచి చూసిన కంటికి చుక్కలు కనపడవు, ఛాయలే కనపడతాయి. గాజుపలక మీద గీతలు ఎంత దగ్గరగా ఉండాలి, కెమెరా రంధ్రం ఏ ఆకారంలో ఉండాలి అనే విషయాల మీద ఉపేంద్రకిశోర్ రాసిన పరిశోధన వ్యాసాలను లండన్‌లోని పెన్‌రోజ్ వార్షిక సంచిక వరసగా వేసుకుంది. కలకత్తాలో కూర్చుని, గురువు లేకుండా నేర్చుకున్న మనిషి, సామగ్రి తెప్పించుకున్న చోటుకే పాఠం చెప్పాడన్నమాట.

ఆరుగురు పిల్లల్లో సుకుమార్ రెండోవారు. అక్క సుఖలతకు ముద్దుపేరు హాసి, ఈయనకు తాతా. రెండూ రవీంద్రనాథ్ ఠాగూర్ నవల రాజర్షిలోని అక్కాతమ్ముళ్ల పేర్లే. పిల్లవాణ్ణి తాతా అని పిలవడం తెలుగు చెవికి తమాషాగా ఉంటుంది గాని, ఆ ఇంట్లో అలాగే పిలిచారు. చెల్లెలు పుణ్యలత తర్వాత రాసిన చిన్ననాటి జ్ఞాపకాల్లో ఈ అన్నయ్య కళ్లకు కట్టినట్టు కనిపిస్తాడు. తండ్రి దగ్గరున్న జంతువుల పుస్తకం ముందు పెట్టుకుని తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ బొమ్మలు చూపిస్తూ కథలు చెప్పేవాడు. పుస్తకంలోని జంతువులు అయిపోయాక ఏ పుస్తకంలోనూ లేని జంతువులు మొదలయ్యేవి. వాటికి పేర్లు, నడక, తిండి అన్నీ అప్పటికప్పుడు పుట్టుకొచ్చేవి. 

ఆ పిల్లలు ఆడుకున్న ఇంకో ఆట మరీ ముఖ్యం. ఎవరి మీదనైనా ఒళ్లుమండి, ఏమీ చేయలేని పరిస్థితి వస్తే సుకుమార్ అందరినీ కూర్చోబెట్టి ఆ మనిషి మీద కథ అల్లించేవాడు. ఆ మనిషికి ఎన్ని వింత అవస్థలు వచ్చిపడ్డాయో ఒకరి తర్వాత ఒకరు చెప్పుకుంటూ పోవాలి. అందులో ద్వేషం ఉండకూడదు, దెబ్బ తగలకూడదు, అవస్థ మాత్రం నవ్వు పుట్టించాలి. కథ సగానికి వచ్చేసరికి కోపం ఎటు పోయిందో తెలిసేది కాదు. పెద్దయ్యాక ఆయన రాసిన వ్యంగ్యమంతా ఈ ఆట పద్ధతిలోనే ఉంటుంది. చురక ఉంటుంది, వాత ఉండదు.

ఎనిమిదేళ్ల వయసులోనే శివనాథ్ శాస్త్రి నడిపిన ముకుల్ అనే పిల్లల పత్రికలో ఆయన పద్యం అచ్చయింది. సిటీ స్కూలు చదువు తర్వాత ప్రెసిడెన్సీ కాలేజీలో భౌతిక, రసాయన శాస్త్రాల్లో ఆనర్స్ చేశారు. అక్కడి నుంచి బయటికి వస్తూనే బంధువులను, మిత్రులను పోగుచేసి నాన్సెన్స్ క్లబ్ అని ఒకటి పెట్టారు. దానికో చేతిరాత పత్రిక. దాని పేరు షాడే బత్రిష్ భాజా, అంటే ముప్పై రెండున్నర వేపుళ్లు. కలకత్తా వీధుల్లో అమ్మే మిక్చరు పేరది. ఆ క్లబ్బు కోసం సుకుమార్ నాటకాలు రాశారు. తెరలు లేవు, వేషాలు అంతంతమాత్రం, వేదికా ఇంటి గదే. వెర్రిబాగుల పాత్ర వస్తే అది ఆయనదే.

ఆ నాటకాల్లో లక్ష్మణేర్ శక్తిశేల్ తెలుగువారికి వెంటనే అర్థమయ్యేది. రావణుడి శక్తి తగిలి లక్ష్మణుడు మూర్ఛపోయే ఘట్టం. మన హరికథల్లో, తోలుబొమ్మలాటలో కన్నీరు పెట్టించే ఘట్టం అది. సుకుమార్ చేతిలో జాంబవంతుడు కునికిపాట్లు పడతాడు, వానరవీరులు యుద్ధం కంటే తమ సుఖం చూసుకుంటారు, సంజీవని తెమ్మంటే హనుమంతుడు గవర్నమెంటు గుమాస్తాలా నసుగుతాడు. లక్ష్మణుణ్ణి తీసుకుపోవడానికి యముడు స్వయంగా వస్తాడు. హనుమంతుడు తెచ్చిన కొండ ఆ యముడి నెత్తినే పడుతుంది. దేవుళ్లను ఎగతాళి చేయడం ఇందులో లేదు. పురాణ పాత్రలు కలకత్తా మధ్యతరగతి బాబుల్లా మాట్లాడితే ఎలా ఉంటుందన్నదే తమాషా. స్వదేశీ ఉద్యమం జోరుగా సాగిన కాలంలో దేశభక్తి గీతాలు రాసిన ఈయనే, స్వదేశీ పేరుతో అమ్మే నాసిరకం సరుకుల మీద హాస్యగీతమూ కట్టారు.

1911లో కలకత్తా విశ్వవిద్యాలయం ఇచ్చే గురుప్రసన్న ఘోష్ స్కాలర్‌షిప్ వచ్చింది. అక్టోబరులో ఓడెక్కి ఇంగ్లండు వెళ్లారు. లండన్‌లో ఫోటో బ్లాకుల తయారీ, లితో పని నేర్పే స్కూల్లోనూ, తర్వాత మాంచెస్టర్ స్కూల్ ఆఫ్ టెక్నాలజీలోనూ చదివారు. తండ్రి కనిపెట్టిన పద్ధతులు అక్కడి ఆచార్యుల ముందు చేసి చూపించే అవకాశం కొడుక్కి దొరికింది. తానూ వ్యాసాలు రాశారు. రాయల్ ఫోటోగ్రాఫిక్ సొసైటీ ఫెలో కూడా అయ్యారు. 1912లో ఠాగూర్ గీతాంజలి ఆంగ్ల ప్రతితో లండన్ వచ్చినప్పుడు ఆయన చుట్టూ చేరిన బెంగాలీ యువకుల్లో సుకుమార్ ఒకరు. 1913 జులైలో క్వెస్ట్ సొసైటీలో ఠాగూర్ కవిత్వం మీద ఆంగ్లంలో ప్రసంగించారు. నోబెల్ బహుమతి వార్త రావడానికి ఇంకా నెలలు పట్టింది. ఠాగూర్ ఆయన కంటే 26 ఏళ్లు పెద్ద, కుటుంబ మిత్రుడు. వాళ్ల మధ్య ఆప్యాయత చివరిదాకా నిలిచింది.

సుకుమార్ ఇంగ్లండులో ఉండగానే, 1913 వేసవిలో, ఉపేంద్రకిశోర్ సందేశ్ అనే పిల్లల మాసపత్రిక ప్రారంభించారు. సందేశ్ అంటే వార్త, బెంగాలీలకు అది మిఠాయి పేరు కూడా. ఆ ఏడాది శరత్తులో సుకుమార్ తిరిగొచ్చారు, డిసెంబరులో సుప్రభతో పెళ్లయింది. 1914లో కుటుంబం నెం. 100, గడ్‌పార్ రోడ్డులో కట్టుకున్న సొంత ఇంట్లోకి మారింది. ముందు భాగంలో ప్రెస్సు, వెనక కాపురం. 1915 డిసెంబరు 20న ఉపేంద్రకిశోర్ పోయారు. 28 ఏళ్ల వయసులో ప్రెస్సు, పత్రిక, ఇంటి బరువు సుకుమార్ మీద పడ్డాయి.

సంపాదకుడంటే పదిమంది చేత రాయించి కూర్చేవాడని మన లెక్క. సందేశ్‌లో ఆ పదిమంది పని చాలాసార్లు ఆయనే చేశారు. పద్యం ఆయనది, కథ ఆయనది, పొడుపుకథ ఆయనది, బొమ్మ ఆయనది. గెలీలియో, డార్విన్, లివింగ్‌స్టన్, ఫ్లోరెన్స్ నైటింగేల్ జీవితాలు రాశారు. భూమి పుట్టుక, జంతువుల వింతలు, యంత్రాలు పనిచేసే తీరు, పిల్లలకు పనికొచ్చేవన్నీ సూటి మాటల్లో చెప్పారు. ఈ వ్యాసాల గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు, హాస్యం పేరు వాటిని మింగేసింది. అది అన్యాయం. ఒక విషయాన్ని ముక్కుసూటిగా ఎలా చెప్పాలో తెలిసినవాడు కాబట్టే వంకర చెప్పినప్పుడు అంత పట్టుగా చెప్పగలిగారు. ఆయన చేరదీసిన కొత్త రచయితల్లో పినతండ్రి కూతురు లీల ఒకరు. ఆమె మొదటి కథ సందేశ్‌లోనే వచ్చింది. లీలా మజుందార్‌గా ఆమె తర్వాత బెంగాలీ పిల్లల సాహిత్యంలో పెద్ద పేరు తెచ్చుకున్నారు.

ఇంత పని మధ్యలో సోమవారాలు కలుసుకునే మండే క్లబ్బు ఒకటి నడిచింది. వచ్చినవాళ్లకు తిండి ఘనంగా ఉండేది కాబట్టి మండా అనే మిఠాయి పేరు కలిపి దాన్ని మండా క్లబ్ అనేవారు. గణాంక శాస్త్రవేత్త ప్రశాంతచంద్ర మహలనోబిస్, భాషావేత్త సునీతికుమార్ చటర్జీ, కవి సత్యేంద్రనాథ్ దత్తా అందులో సభ్యులు. చర్చ ప్లేటో దగ్గర మొదలై ఎక్కడికైనా పోయేది. ఆహ్వానపత్రాలు సుకుమార్ పద్యాల్లో రాసి సొంత ప్రెస్సులో కొట్టించేవారు.

ఆయన పేరు నిలబెట్టిన పుస్తకం అబోల్ తాబోల్. ఆ మాటకు మన వాడుకలో పిచ్చాపాటీ కాదు, తలాతోకా లేని మాటలు అని అర్థం. 1915లో సందేశ్‌లో మొదలై ఎనిమిదేళ్లపాటు వచ్చిన పద్యాల నుంచి ఏరి కూర్చారు. మొదట వచ్చినది ఖిచుడి, అంటే కిచిడీ. అందులో బాతు, ముళ్లపంది కలిసి ఒక జంతువైపోతాయి, కొంగ, తాబేలు కలిసి ఇంకొకటి. ఎలా కలిశాయంటే వ్యాకరణం పట్టించుకోకుండా కలిశాయట. బెంగాలీ పేర్లలో ఒకదాని చివర అక్షరం, రెండోదాని మొదటి అక్షరం ఎక్కడ కలుస్తాయో అక్కడే బొమ్మలో వాటి ఒళ్లు అతుక్కుని ఉంటాయి. జంతువు అబద్ధం, అతుకు మాత్రం నిజం. ముళ్లపంది వెన్ను మీద ముళ్లు ఎలా లేస్తాయో, బాతు కాళ్లు ఎలా ఉంటాయో బొమ్మలో పొల్లు పోదు. కెమెరా పట్టిన కన్ను, ఫిజిక్సు చదివిన బుర్ర అక్కడ తెలుస్తాయి.

ఇంగ్లీషులో ఎడ్వర్డ్ లియర్, లూయీ కారల్ ఈ దారి ముందే తొక్కారు. సుకుమార్ వాళ్లను ఇష్టంగా చదువుకున్నారు. కానీ లియర్ మనుషులు ఎక్కడో సముద్రాల అవతల ఉంటారు. సుకుమార్ మనుషులు పక్కింట్లో ఉంటారు. మీసాల దొంగతనం అనే పద్యమే చూడండి. హెడ్డాఫీసులో పెద్ద గుమాస్తా, ఎన్నడూ నోరెత్తని నెమ్మదస్తుడు, కుర్చీలో కునుకు తీస్తున్నవాడు ఒక్కసారిగా ఎగిరి లేచి తన మీసం ఎవరో కొట్టేశారని గోల పెడతాడు. అద్దం తెచ్చి చూపిస్తారు. మీసం మూతి మీదే ఉంది. అయినా ఆయన ఒప్పుకోడు. ఇంత మురికిగా, ఇంత చిందరవందరగా ఉన్న మీసం తనది కాదు, పాలవాడిదై ఉండాలి అంటాడు. నమ్మనివాళ్లందరికీ జరిమానా రాసిపారేస్తాడు. చివరికి ఆయన తేల్చేదేమంటే, మీసం మనిషిది కాదు, మనిషే మీసానికి చెందినవాడు, మీసాన్ని బట్టే మనిషిని పోల్చుకోవాలి. బ్రిటిషు కాలపు ఆఫీసుల్లో హోదాకున్న విలువ తెలిసినవారికి ఈ తీర్పు అంత పిచ్చిగా అనిపించదు.

ఇంకో పద్యంలో శివుడి సొంత దేశపు చట్టాలున్నాయి. జారి కిందపడితే పోలీసు పట్టుకుంటాడు, 21 రూపాయల జరిమానా. సాయంత్రం ఆరు లోపల తుమ్మాలంటే టికెట్టు కొనాలి. పళ్లు కదిలితే పన్ను, మీసం పెరిగితే పన్ను. కవిత్వం రాసేవాళ్లను బోనులో పెట్టి కిరాణాకొట్టు చిట్టా 21 పేజీలు లెక్క చేయిస్తారు. కొత్త కొత్త చట్టాలతో పాలన సాగిన రోజుల్లో ఈ పద్యం పిల్లల పత్రికలో నిక్షేపంగా అచ్చయింది. పెద్దల పత్రికలో వచ్చి ఉంటే ఎవరైనా గుచ్చి అడిగేవారేమో. మంచి వరుడు అనే పద్యంలో ఒకాయన ఆడపిల్ల తండ్రికి సంబంధం చెబుతాడు. కుర్రాడు రంగు తక్కువ, ముఖం గుడ్లగూబది, మెట్రిక్ 19 సార్లు తప్పాడు. అన్నదమ్ముల్లో ఒకడు పిచ్చివాడు. అయితేనేం, కంసుడి వంశం వాళ్లు! పెళ్లిళ్ల పేరయ్యల మాటలు విన్న ఏ ఊరివారికైనా ఈ ధోరణి కొత్త కాదు.

బాబాయి యంత్రం అని ఒకటుంది. భుజాలకు తగిలించుకుంటే ముక్కు ముందు కొంచెం దూరంలో ఇష్టమైన తిండి వేలాడుతుంది. అది అందుకోవాలని మనిషి నడుస్తాడు, తిండి ముందుకు పోతుంది, అలా మైళ్లకు మైళ్లు గడిచిపోతాయి. సుకుమార్ వేసిన బొమ్మలో ఆ యంత్రానికి కర్రలు, తాళ్లు, బిగింపులు అన్నీ ఉన్నాయి. వడ్రంగికిస్తే చేసిపెడతాడనిపిస్తుంది. రామ్‌గరుడుడి పిల్లలకు నవ్వడం నిషేధం. ఎక్కడ నవ్వు వచ్చేస్తుందోనని వాళ్లు భయంతో చస్తుంటారు, గాలి కూడా చక్కిలిగిలి పెడుతుందేమోనని అడవి వైపు పోరు. నీడలు పట్టి మందులుగా అమ్మేవాడు ఒకడు, కనపడినవాణ్ణి పట్టుకుని చచ్చు కథలు చెబుతూ చక్కిలిగిలి పెట్టే ముసలాయన ఒకడు. ఇలాంటివాళ్లు పుస్తకం నిండా ఉన్నారు. మన అలంకారశాస్త్రం చెప్పిన తొమ్మిది రసాల్లో ఈ పద్యాలు ఇమడవు. పుస్తకానికి రాసుకున్న చిన్న ముందుమాటలో సుకుమార్ దీన్ని ఖేయాల్ రసమన్నారు, అంటే మనసు ఇష్టంగా తిరిగే తిరుగుడులోని రసం. అది రుచించనివారికి ఈ పుస్తకం కాదని కూడా చెప్పేశారు.

ఛందస్సు విషయంలో మాత్రం ఆయన ఎక్కడా ఇష్టం వచ్చినట్టు పోలేదు. ప్రాస తప్పదు, లయ కుంటదు. అర్థం గాల్లో తేలుతున్నా తాళం నేల మీద ఉంటుంది. బెంగాలీ పిల్లలకు ఆ పద్యాలు అంత తేలిగ్గా నోటికి రావడానికి కారణం ఇదే.

వచనంలో అబోల్ తాబోల్‌కు జోడు హజబరల. ఒక బెంగాలీ పిల్లవాడు ఎండ మండిపోతున్న వేళ చెట్టు కింద పడుకుని ఉంటాడు. చెమట తుడుచుకుందామని రుమాలు కోసం చెయ్యి చాపితే రుమాలు మ్యావ్ అంటుంది. చూస్తే ఎర్రటి బొద్దు పిల్లి. అక్కడి నుంచి ఒకరి వెంట ఒకరు వస్తారు. కాక్కేశ్వర్ అనే కాకి పలక మీద కూడికలు చేస్తుంటుంది. మనం కాకిలెక్కలంటాం గాని, ఆ కాకికి తన లెక్క మీద గట్టి నమ్మకం. ఏడు రెళ్లు ఎంతో సరైన సమయంలో చెప్పకపోతే జవాబు మారిపోతుందంటుంది. అక్కడ కాలానికి ఖరీదుంది మరి. ఒక ముసలాయన వయసు నలభైకి రాగానే వెనక్కి తిప్పేస్తామంటాడు. ముప్పై తొమ్మిది, ముప్పై ఎనిమిది అని దిగుతూ పోయి, పదికి వచ్చాక మళ్లీ పైకి. లేకపోతే మనిషి ముసలివాడై చచ్చిపోడూ అని ఆయన అడుగుతాడు. ఆ వాదనలో తప్పు పట్టడం అంత తేలిక కాదు. ఈ గుంపుతోనే హిజిబిజ్‌బిజ్ అనే జీవి కూడా ఉంటుంది. ఎక్కడా జరగనివి ఊహించుకుని పొట్ట చెక్కలయ్యేలా నవ్వడమే దాని పని.

కథ చివర కోర్టు. జడ్జి గుడ్లగూబ, పగలు కదా, కళ్లు మూసుకుని ఉంటాడు. వకీలు మొసలి, అది కార్చేవి మొసలి కన్నీళ్లే. సాక్షులు డబ్బులకు వస్తారు. దావా పరువునష్టానిది. ముద్దాయి ఎవరో మాత్రం ఎవరికీ తెలియదు. ముద్దాయి లేకపోతే కేసు నడవదు గనుక డబ్బు వస్తుందేమోనని ఆశపడ్డ బోడిగుండువాణ్ణి నిలబెట్టి, మూడు నెలల జైలు, ఏడు రోజుల ఉరి అని తీర్పు చెబుతారు. ఏడు రోజుల ఉరి అనే శిక్ష ఎలా అమలు చేస్తారో పుస్తకం చెప్పదు. కలకత్తాలో హైకోర్టు చుట్టూ తిరిగి ఆస్తులు కరగదీసుకున్న కుటుంబాలవారికి ఈ అధ్యాయం పిల్లల కథలా అనిపించి ఉండదు.

స్కూలు కథల్లో ఆయన సృష్టి పాగ్లా దాశు. వెర్రివాడని పేరుపడ్డ కుర్రవాడు. వెర్రి ఎంతో, గడుసుతనం ఎంతో ఎవరూ తేల్చుకోలేరు. ఒకసారి బడికి తాళం వేసిన పెట్టె తెస్తాడు. అందులో ఏముందో చెప్పడు. తోటి పిల్లలకు నిద్ర పట్టదు. ఒకనాడు తాళంచెవి పనిగట్టుకుని వాళ్లకు దొరికేలా వదిలిపోతాడు. పిల్లలు పెట్టె తెరుస్తారు. కాగితంలో కాగితం, దానిలో ఇంకో మూట. విప్పగా విప్పగా ఒక అట్టముక్క. దాని మీద ఒకవైపు బెంగాలీలు వెక్కిరింతకు వాడే అరటికాయ మాట, రెండోవైపు మరీ అంత ఆరాటం పనికిరాదన్న హితవు. ఈ కథలను 1940లో పుస్తకంగా వేసినప్పుడు ఠాగూర్ ముందుమాట రాశారు. హెశోరామ్ హుషియార్ డైరీ కానన్ డాయల్ రాసిన లాస్ట్ వరల్డ్ మీద వ్యంగ్యం. ఎప్పుడూ మూతి ముడుచుకుని ఉండే గొమ్రాథీరియం, అరుపులే తప్ప కరవడం తెలియని చిల్లానోసారస్ లాంటి జంతువులకు లాటిను తోకలు తగిలించి శాస్త్రవేత్తల గాంభీర్యాన్ని ఆటపట్టించారు. చిన్నప్పుడు తండ్రి పుస్తకం పక్కన కూర్చుని చేసిన పనే ఇది.

1921లో పూర్వీకుల ఊరివైపు జమీందారీ పనిమీద వెళ్లొచ్చాక ఆయనకు జ్వరం పట్టుకుంది. అది కాలా అజార్. ఇసుక ఈగ కుట్టడం వల్ల వచ్చే జబ్బు, జ్వరం వదలదు, ప్లీహం పెరుగుతుంది, మనిషి క్షీణిస్తాడు. విచిత్రమేమంటే ఆ జబ్బుకు మందు కనిపెట్టిన డాక్టర్ ఉపేంద్రనాథ్ బ్రహ్మచారి ఆ రోజుల్లోనే, ఆ కలకత్తాలోనే యూరియా స్టిబమిన్ మీద పనిచేస్తున్నారు. అది విరివిగా వాడకంలోకి రావడానికి ఇంకొంచెం కాలం పట్టింది. అదే ఏడాది మే 2న సత్యజిత్ పుట్టారు. గాలి మార్పు కోసం సుకుమార్‌ను గంగ ఒడ్డున సోదేపూర్‌కు తీసుకువెళ్లారు. సత్యజిత్‌కు తండ్రిని గురించి మిగిలిన ఒకే ఒక జ్ఞాపకం అక్కడిదే. కిటికీ దగ్గర బొమ్మ వేసుకుంటున్న తండ్రి, ఓడ పోతోంది చూడమని పిలవడం.

ఆ రెండున్నరేళ్లూ మంచం మీది నుంచే పత్రిక నడిపారు, పద్యాలు రాశారు, బొమ్మలు వేశారు. హజబరల, హెశోరామ్ ఆ కాలానివే. అబోల్ తాబోల్ పుస్తకం ఏ పేజీలో ఏది రావాలో, అట్ట ఏ రంగుల్లో ఉండాలో, పద్యం కింద ఖాళీలో ఏ చిన్న బొమ్మ పడాలో అన్నీ ఆయనే తీర్చారు. చివరి పద్యం కూడా అప్పుడే రాశారు. అందులో వింతలు, తాళం, చిందులాట అన్నీ ఉంటూనే, నిద్ర ముంచుకొస్తున్నదనీ పాట ఆగబోతున్నదనీ మాట వస్తుంది. చావు దగ్గరపడిందని తెలిసిన మనిషి దాన్ని అంత తేలిగ్గా, జాలి కోరకుండా పద్యంలోకి తేవడం ప్రపంచ సాహిత్యంలోనే అరుదు. ఆగస్టు చివరలో ఠాగూర్ చూడవచ్చి, కోరిన పాటలు మంచం పక్కన కూర్చుని పాడారు. సెప్టెంబరు 10న సుకుమార్ పోయారు. తొమ్మిది రోజుల తర్వాత, 19న, అబోల్ తాబోల్ అచ్చై వచ్చింది. పిల్లల కోసం రాసిన తన పద్యాల పుస్తకాన్ని ఆయన చేత్తో పట్టుకుని చూడలేదు.

తర్వాత కొన్నాళ్లు తమ్ముడు సువినయ్ సందేశ్ నడిపారు. కొద్ది ఏళ్లలోనే యు. రే అండ్ సన్స్ దివాలా తీసింది, గడ్‌పార్ ఇల్లు చేయిదాటింది. సుప్రభ కొడుకును తీసుకుని పుట్టింటివారి దగ్గర చేరి, వితంతు స్త్రీల బడిలో పాఠాలు చెప్పి పెంచారు. ఆ కొడుకు పెద్దయ్యాక తండ్రి పుస్తకాలకు అట్టలు వేశారు. 1961లో కవి సుభాష్ ముఖోపాధ్యాయతో కలిసి సందేశ్‌ను మళ్లీ తెచ్చారు. దాని పేజీలు నింపడానికి తానూ కథలు మొదలుపెట్టి ఫెలూదా, ప్రొఫెసర్ శంకు అనే పాత్రలను పుట్టించారు. 1987లో, శతజయంతి సంవత్సరంలో, తండ్రి మీద అరగంట డాక్యుమెంటరీ తీశారు.

తెలుగు పాఠకులకు బెంగాలీ సాహిత్యం కొత్త కాదు. శరత్ నవలలు తెలుగు నవలలేనన్నంతగా చదివారు. వాటిని తెలుగులోకి తెచ్చినవారిలో చక్రపాణి ఒకరు, 1947లో నాగిరెడ్డితో కలిసి చందమామ పెట్టినవారూ ఆయనే. సుకుమార్ రాయ్ మాత్రం శరత్ అంత దూరం మన వైపు రాలేదు. శరత్ కథ ఏ భాషలో చెప్పినా కథ మిగులుతుంది. సుకుమార్ పద్యంలో సగం ప్రాణం శబ్దంలో ఉంది. ఇంగ్లీషులో సత్యజిత్ చేసిన కొన్ని అనువాదాలు, సుకాంత చౌధురి చేసిన సంపుటం ఉన్నాయి, అవి చదవదగ్గవి. అంతకంటే మంచి మార్గం ఇంకొకటుంది. హైదరాబాదులోనో విశాఖలోనో బెంగాలీ మిత్రులెవరైనా ఉంటే అబోల్ తాబోల్ తీసి ఒక పద్యం పైకి చదవమని అడగండి. చాలామందికి పుస్తకం కూడా అక్కర్లేదు.